అన్న ఊరికే తారాడలేదు

మొన్న సాయంత్రం, బి.ఏ. ముగించి ఉద్యోగం దొరకని మా అబ్బాయి ఇంకా ఇల్లు చేరలేదేమని పక్కింటావిడ అడిగితే, నా భార్య ‘యాడో తారాడతా ఉంటాడులేమ్మా’ అంది. ఆ మాట ఈ ఇంట్లో అనవద్దని కసిరాను. ఎందుకో ఆమెకు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

తారాడడమంటే పనీ గమ్యమూ లేక తిరగడం. మా పుంగనూరులో మేత మాని వీధులు పట్టిన ఆవునూ ఆ మాటే అనేవారు. ఆవునంటే పోయేదేమీ లేదు, పెళ్లి కావలసినవాణ్ణి అంటే మాత్రం వాడి పని అయిపోయినట్టే.

యుద్ధం రోజుల్లో మా పెద్దమ్మకు మతి తప్పింది. పొద్దున్నే చంకన బుట్టతో మదనపల్లె దారి పట్టేది. చెయ్యి పట్టి ఆపితే నేలమీద పడి కేకలు పెట్టేది కనుక, ఆమె కొడుకు, అంటే మా అన్న, తన దారిన తాను పోతున్నట్టు పది అడుగుల వెనకే, ఆమె అలిసి కూర్చునేదాకా నడిచేవాడు. అప్పుడు పక్కన చేరి ‘అమ్మా, ఇంటికి పోదామా?’ అనేవాడు. చూసేవాళ్లు ఆమె చేనికి పోతోందనుకునేవారు. చేతులూపుకుంటూ తిరిగే అన్నే అందరి కళ్లలో పడేవాడు. అసలు సంగతి మా రెండిళ్లు దాటలేదు.

కుప్పం నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయిని చూసి వచ్చిన అన్న వారం రోజులు తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు. ఆ అమ్మాయి మేనమామ వాకబుకని వచ్చి, నేనెవరో తెలియక, నేను గుమాస్తాగా ఉన్న బట్టలంగట్లో పంచె బేరమాడుతూ అడిగాడు.

‘ఏమప్పా, ఆ పిల్లోడు ఎప్పుడు సూసినా రోడ్డుమీదే ఉంటాడంటనే, యాల?’

‘పనేముండాదప్పా, ఊరికే తారాడతా ఉంటాడు.’

అనేసి నవ్వాను కూడా. ఇంట్లో అన్నను మెచ్చుకున్నప్పుడల్లా నన్ను తక్కువ చేసేవారన్న కడుపుమంట తప్ప వేరే కారణం లేదు. ఆయన పంచె కొనకుండానే లేచిపోయాడు.

సంబంధం తప్పిపోయింది. మాట నాదేనని తెలిసి అన్న అంగడికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. భుజంమీద చెయ్యి వేసి, ‘పోనీలేప్పా, మాయమ్మ సంగతి సెప్పకుండా నామీదికి తోసినావు, మంచి పని సేసినావు’ అన్నాడు.

నేను కాదనలేదు. ఇంటి గుట్టు కాపాడినవాణ్ణని రెండిళ్లవాళ్లూ మెచ్చుకుంటుంటే ఇన్నేళ్లూ తలవంచుకుని విన్నాను. అన్నకు మళ్లీ సంబంధం కుదరలేదు. పెద్దమ్మ పోయాక కూడా చాలాకాలం పొద్దున్నే ఆ దారినే నడిచేవాడు. పోయినేడు తానూ పోయాడు.

ఇప్పుడు ఆ దారి పొడుగునా బస్సులే, నడిచేవాళ్లు తక్కువ. నాకూ ఓపిక తగ్గింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎవరైనా చేతులూపుకుంటూ ఒంటరిగా పోతూ కనబడితే, పది అడుగుల ముందు ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తాను.