నాన్నగారి రెండు వయసులు

నల్లబల్ల మీద లెక్క చేస్తున్న మా నాన్నగారు ఉన్నట్టుండి సుద్దముక్క వదిలేసి బల్లని పట్టుకున్నారట. అదీ పాఠంలో భాగమే అనుకుని పిల్లలు బుద్ధిగా చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చి అమ్మతో, "కాస్త తల తిరిగింది. ఎండ," అన్నారు. బయట ముసురు పట్టి ఉంది.

అప్పటికి నేను గుడివాడలో కాలేజీ డిమాన్‌స్ట్రేటర్ని. కప్ప గుండె ఎలా కొట్టుకుంటుందో కుర్రాళ్ళకి చూపించడం నా పని. కప్పలతో పోలిస్తే మనుషుల విషయంలో నా అనుభవం తక్కువ. అంతకు ముందు ఏడాది మా వాడు పుట్టినప్పుడు వాడి రొమ్ము మీద చెయ్యి వేసి, ఆ వేగానికి హడలిపోయి, వాణ్ణి తువ్వాలులో చుట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. "పసిగుడ్డుకి గుండె అలాగే పరిగెడుతుందండీ. ఊపిరీ అంతే. పెరిగేకొద్దీ రెండూ నెమ్మదిస్తాయి. ఇప్పుడు చూడాల్సింది మీ నాడి," అన్నాడాయన. ఏ అంకెనైనా చూసి భయపడే ముందు వయసు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. భయపడటం మాత్రం మానలేదు.

నాన్నగారి విషయంలో భయం ఒక్క తలతోనే ఆగలేదు. ఆ వేసవితో ఆయనకి యాభై అయిదు నిండి, బడి ఉద్యోగం అయిపోతుంది. ఒంట్లో బాగుందని డాక్టరు సర్టిఫికెట్టు ఇస్తే అరవై దాకా పొడిగిస్తారు. చెల్లెలు బందరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. నా జీతాన్ని జీతమని పిలవాలంటే ఎదుటివాళ్ళకి కొంత మంచితనం ఉండాలి.

బందరులో డాక్టరు గారు నాన్నగారి ఈడువారే. చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కుతుంటే గాజు గొట్టంలో పాదరసం పైకి లేచింది. నాన్నగారు దాన్ని పరీక్ష ఫలితాల్లో తన నంబరు వెతుక్కునే కుర్రాడిలా చూస్తున్నారు.

"నూట అరవై. వయసెంతండీ?"

"యాభై అయిదండీ."

"వందకి వయసు కలుపుకోండి. అంతవరకూ ఫరవాలేదు. మీకు అయిదు ఎక్కువుంది. పైగా తల తిరిగిందంటున్నారు. ఇప్పుడే సంతకం పెట్టలేనండీ. ఉప్పూ ఊరగాయా మానేసి వచ్చే వారం రండి."

నాన్నగారు లెక్కల మాస్టారు. కూడికలో ఆయనకి పేచీ లేదు. బస్సెక్కాక నెమ్మదిగా నా వైపు వంగి, "ఒరే, ఆ యాభై అయిదు నాది కాదురా," అన్నారు.

దివిసీమలో వాళ్ళ ఊళ్ళో మిషన్ బడి పెట్టినప్పుడు పుట్టిన రోజులు ఎవరికీ తెలియవు. కుడిచేయి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోగలిగితే అయిదేళ్ళు నిండినట్టు. నాన్నగారు పట్టుకున్నారు. అయిదని రాశారు. చెవి ఎంత సులువుగా అందిందో ఎవరూ అడగలేదు.

ఆదివారం గుళ్ళో ప్రార్థన కాగానే ఇద్దరం దివిసీమ వెళ్ళాం. నాన్నగారి కంటే పెద్దదైన మా అత్తయ్య వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సంగతి విని పకపకా నవ్వింది.

"అయిదేళ్ళేంట్రా! బళ్ళో వేసేటప్పటికి నీకు ముందు పళ్ళు ఊడి మళ్ళీ వచ్చేసినయ్యి గదా. గేదెల్ని కాలవకి తోలుకెళ్ళేవాడివి. నీకు తొమ్మిదుంటయ్యి."

నాన్నగారు మనసులో కలుపుకున్నారు. తొమ్మిదైతే నూట యాభై తొమ్మిది. ఒకటి మిగిలిపోతుంది.

"పది ఉండవా అక్కా?"

"బేరమేంట్రా! నీకెన్ని కావాలో చెప్పు, అన్నీ ఉన్నయ్యంటా."

"అలా కాదే. నిజం కావాలి."

అత్తయ్య చేట పక్కన పెట్టింది. తమ్ముడి మొహం కేసి కాసేపు చూసి, నవ్వడం మానేసింది. "పదేరా. నిన్ను చంకనేసుకుని మోసింది నేనే, నాకు తెలవదా? ఏం జబ్బురా నీకు?" అంది.

అంటే ఆయనకి అరవై. అరవై ఏళ్ళవాడికి నూట అరవై తప్పు కాదు. కానీ అరవై ఏళ్ళవాడికి ఉద్యోగం లేదు. ఆరోగ్యం కావాలంటే ముసలివాడు కావాలి, ఉద్యోగం కావాలంటే రోగి కావాలి. ఆ వారమంతా ఇంట్లో కూర చప్పగా ఉంది. నాన్నగారు మెట్టెక్కినా దగ్గినా అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. ఆయన పళ్ళెంలోకి తొంగిచూసి, "పత్యం నాకా మీకా?" అనేవారు.

మళ్ళీ బందరు. మళ్ళీ పట్టీ. నూట అరవై. ఊరగాయ మానేసినందుకు పాదరసం కనీస మర్యాదైనా చూపలేదు.

డాక్టరు గారు నోరు తెరిచేలోగా నాన్నగారు లేచి నిలబడ్డారు. "అయ్యా, నేను పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పేవాణ్ణి. నాకు రెండు వయసులున్నాయండీ." అంతా చెప్పేశారు. అప్పుడు ఆ పట్టీ నా చేతికి చుట్టి ఉంటే గొట్టం సరిపోయేది కాదు.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కూర్చోండి మాస్టారూ. నాదీ చెవి పట్టుకుని రాసిన వయసే," అన్నారు. "పాఠం చెప్పగలరా?"

"చెప్పగలనండీ. చెప్పకుండా ఉండగలనో లేదో చూసుకోలేదు."

"మీ వయసుకి మీరు బాగానే ఉన్నారని రాస్తాను. ఏ వయసని నన్నెవరూ అడగరు. ఉప్పు మాత్రం ముట్టుకోకండి. మళ్ళీ తల తిరిగితే బడి మానేసి నా దగ్గరికి రండి."

వందకి వయసు కలిపే ఆ సూత్రాన్ని తర్వాత పెద్ద డాక్టర్లే కొట్టేశారు. వయసు పెరిగిందని నెత్తురు పోటుకి రాయితీ లేదన్నారు. అయిదేళ్ళు కలుపుకుని మేం తెచ్చుకున్న ధైర్యం ఎంత పల్చటిదో ఆ రోజు తెలియకపోవడం మంచిదే అయింది. ఉన్న భయమే నాకు సరిపోయింది.

బస్టాండులో ఆయన సంచీ, గొడుగు నా చేతిలోకి ఎలా వచ్చాయో నాకే తెలియదు.

"ఏరా, పొద్దున నేనే మోశాను కదా?"

"పొద్దున మీకు యాభై అయిదు నాన్నగారూ."

ఆయన నవ్వారు. నేను కాస్త ఆలస్యంగా నవ్వాను. సర్టిఫికెట్టు జేబులో ఉంది. దానికోసం ఒక్క వారంలో మా నాన్నగారు అయిదేళ్ళు పెద్దవారైపోయారు. ఆ అయిదేళ్ళూ ఆయనతో ఇంకా గడపాల్సిన వాటిలోంచే పోయినట్టనిపించింది నాకు.

గుడ్లవల్లేరు దాటాక ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని మెల్లగా మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూడబోయాను. బస్సు కుదుపుకి లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను.

"ఎంతొచ్చింది?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

"డెబ్బై రెండు," అన్నాను. అప్పటికింకా ఇరవై కూడా లెక్కపెట్టలేదు.