డీజిలు పీల్చిన దిండు

నా పేరు మంగాయమ్మ. ఏళ్లు డెబ్బై దాటాయి. మాది అంబాజీపేట దగ్గర ఊరు. ఇంట్లో నేను, కొడుకు సత్యం, కోడలు రత్నం, మనవరాలు. నాకు చదువు రాదు. నేను చెప్పేది మనవరాలు కంప్యూటరులో ఎక్కిస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

కిందటి వేసవిలో మా చేపల చెరువు గట్టున డీజిలు డ్రమ్ము దొర్లిపోయింది. నీళ్ల మీద తెట్టు కట్టి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. తెట్టు విరుగుతుందని సత్యం సబ్బుపొడి చల్లుతానన్నాడు. "ఉన్న విషం చాలక ఇంకోటా? రేపు నేను కాకినాడ వెళ్లి వచ్చేదాకా ఆ సంచీ ముట్టుకున్నావంటే చూడు" అన్నాను. పడవ అడుగున చేరిన డీజిలును కాకినాడ రేవులో బూరుగు దూదితో తీస్తారని అప్పటికే రత్నం చెప్పింది. తన పుట్టిల్లు అక్కడే. అదేంటో నా కళ్లతో చూడాలనిపించింది.

తెల్లవారగానే అమలాపురం వెళ్లి కాకినాడ బస్సెక్కాను. ఎదుర్లంక దగ్గర ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది కాబట్టి లాంచీ కోసం కాచుకోనక్కర్లేదు. ఎండ ముదరకముందే దిగి, ఆటోలో రేవుకి చేరాను. అక్కడ అప్పన్న అనే పడవ మనిషి పాత దిండు చింపి, దూదిని వలగుడ్డలో మూటకట్టి, పడవ అడుగు నీళ్ల మీద దొర్లిస్తున్నాడు. పిండితే డీజిలే కారింది. నేను తెచ్చిన కొబ్బరి పీచుతోనూ చూద్దామని ముందు దాన్ని నీళ్లలో ముంచాను. కొబ్బరి డొక్కలు నానబెట్టి పీచు తీసే ఇంట్లో పుట్టాను, తడపందే పీచు మీద చెయ్యి వెయ్యం. అది డీజిలును ముట్టనే లేదు.

"కడుపునిండా నీళ్లు పట్టించి ఇప్పుడు అన్నం పెడితే ఎలా తింటదండీ, మామ్మగారూ?" అన్నాడు అప్పన్న.

"నవ్వింది చాలు, పొడిది ఇలా అందుకో." పొడి పీచు పీల్చింది, దూది అంత కాకపోయినా.

పొద్దుగుంకకముందే ఇల్లు చేరి నా బూరుగు దిండ్లు చింపాను. దూది వలసంచుల్లో కుక్కి, తాడుకు కట్టి, ఆ గట్టున రత్నం, ఈ గట్టున నేను లాగుతున్నాం. సత్యం ఇంట్లోకెళ్లి తన దిండు పట్టుకొచ్చాడు. మర్నాటికి తెట్టు పలచబడింది. కొన్ని చేపలు పోయాయి. మిగతావి తవుడు చల్లితే వచ్చాయి.

ఇన్నేళ్లు తలకింద పెట్టుకున్న దూది నీళ్లను వద్దని డీజిలును రమ్మంటుందని నాకు తెలియనే లేదు. ఇంట్లో ఇంకా ఏ వస్తువుకి ఏ గుణం ఉందోనని ఇప్పుడు అన్నీ తిప్పి చూస్తున్నాను. మీరూ కాకినాడ రేవుకి వెళ్లేట్టయితే పీచైనా దూదైనా ప్లాస్టిక్ సంచీలో పొడిగా పట్టుకెళ్లండి, ఆ వంతెన మీద గాలికే తేమ ఎక్కుతుంది.

ఇదంతా నేను చెప్పిందేనని కాగితం మీద వేసిన ఎడమ బొటనవేలి ముద్రను ఫొటో తీయించి కింద పెట్టించాను.

చూసినవాళ్లు: కోడలు రత్నం, కొడుకు సత్యం. సబ్బుపొడి సంగతి తీసెయ్యమన్నాడు. తియ్యనివ్వలేదు.