టైమెంత బాబాయి

మా బాబాయి దగ్గర బీరువా నిండా వాచీలున్నాయి, చేతికి మాత్రం ఒక్కటీ ఉండదు. రోడ్డు మీద కనిపించిన ప్రతివాణ్ణీ ఆపి "టైమెంతండీ?" అని అడుగుతాడు. అందుకే చుట్టాల్లో ఆయన అసలు పేరు ఎప్పుడో అటకెక్కింది. అందరికీ ఆయన టైమెంత బాబాయే.

ఆ వాచీలు కూడా ఆషామాషీవి కావు. వేలంపాటల్లో పాడుకొచ్చిన పాతకాలపు క్రోనోగ్రాఫులు. పక్కన రెండు బొత్తాలుంటాయి. పైది నొక్కితే సన్నటి ముల్లు పరుగందుకుంటుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది, కిందిది నొక్కితే బుద్ధిగా మొదటికొస్తుంది. "చెప్పిన మాట ఇంతలా వినేది మనింట్లో ఇంకేదైనా ఉందట్రా?" అని మురిసిపోతాడు. వాటి పుణ్యమా అని పిన్ని చీరలు అట్టపెట్టెల్లోకి మారి చాలాకాలమైంది.

ఓసారి వాచీ బాగుచేయించడానికి వెళ్లి, నాలుగు గోడలకీ గడియారాలున్న కొట్లో నిలబడి, కొట్టాయన్ని టైమెంతని అడిగాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, బాబాయిని పైనుంచి కిందిదాకా చూశాడు. పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా ఊరుకోలేదు. తన మణికట్టు మీద వేలితో కొట్టి చూపించి సైగ చేశాడు. డాక్టరు నాడి చూడమంటున్నాడనుకుని కంగారుపడ్డాడు.

"ఉన్నవాటిలో ఒకటి పెట్టుకోవచ్చుగా బాబాయ్?" అంటే, "పెట్టుకుంటే అరిగిపోవూ?" అనేవాడు. పిసినారితనం అనుకుని మేమంతా నవ్వుకునేవాళ్లం.

ఈ బాధ ఎక్కువగా పడింది తాతగారు, అంటే పిన్ని వాళ్ల నాన్నగారు. బాబాయి వాళ్లింట్లోనే ఉంటారు. స్టేడియంలో పరుగుపందాలకు టైము లెక్కగట్టే ఉద్యోగం చేసిన మనిషి. "మావయ్యగారూ, టైమెంతయింది?" అని బాబాయి లేస్తూనే ఒకసారి, స్నానానికి పోతూ ఒకసారి, చెప్పులు వేసుకుంటూ ఒకసారి అడుగుతాడు. ఆయన పాపం ప్రతిసారీ లేచి గోడ గడియారం దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి, సెకన్లతో సహా చెబుతారు. "అల్లుడుగారికి ఇంత ఉండి ఏం లాభంరా, చేతికి ఓ వాచీకి నోచుకోలేదు" అని నా దగ్గర వాపోయేవారు.

స్టేడియంలో టైము దానంతటదే చూపించే కరెంటు బోర్డు వచ్చినప్పుడు తాతగారిని ఇంటికి పంపేశారు. ఏళ్లతరబడి ఆయన చేతికున్న క్రోనోగ్రాఫు వాచీని పాతసామానుతో కలిపి వేలం వేశారు. అది ఎవరింటికి చేరిందో తెలీదు. బాబాయికి వేలంపాటల పిచ్చి పట్టింది అప్పుడే. ఎక్కడ పాట జరిగినా ఆ వాచీ కోసం పరుగెత్తేవాడు. అది దొరికేది కాదు. ఉత్త చేతుల్తో రావడానికి మొహం చెల్లక ఇంకోటేదో పాడుకొచ్చేవాడు. బీరువా నిండింది అలాగే.

ఒకరోజు నాకు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, దొరికిందిరా. వచ్చే పాటలో ఉంది. పై బొత్తాం ఓ పక్కకి అరిగిపోయిందని జాబితాలో రాశారు."

"అరిగిపోతే అంత సంబరం దేనికి?"

"అది మీ తాతగారి బొటనవేలి పనిరా. ఆయన అడ్డంగా నొక్కేవారు. నే చూశానుగా. ఆయనకి మాత్రం చెప్పకు, చెయ్యిజారితే మళ్లీ బెంగపెట్టుకుంటారు."

పాట గెలవగానే అక్కడికక్కడే చేతికి పెట్టెయ్యాలని, గాలిమార్పు అని చెప్పి తాతగార్నీ బయల్దేరదీశాడు. హాల్లో పాట పెంచడానికి ఎత్తే నంబరు పలకలు ఇచ్చే అమ్మాయితో "ఆయనకీ ఒకటివ్వమ్మా, అందరి చేతుల్లో ఉండి ఆయనకి లేకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు. మోకాళ్ల నొప్పులని ఆయన్ని వెనక తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టి, మేమిద్దరం ముందు వరుసలో కూర్చున్నాం.

వేలంలో బాబాయికో నియమం ఉంది. పోటీ పాడేవాడి మొహం చూడడు. "చూస్తే జాలేస్తుందిరా. ఓసారి అలాగే బంగారంలాంటి వాచీ వదిలేశాను. నువ్వూ వెనక్కి తిరక్కు."

వాచీ బొమ్మ పెద్ద తెర మీద పళ్లెమంత పడింది. అరిగిన బొత్తాం చూసి జనం పెదవి విరిచారు. బాబాయి పలకెత్తాడు. ఇక మనదే అనుకున్నాం. పాట పాడించే ఆవిడ వెనక్కి చూసి, ధర పెంచింది. బాబాయి ఎత్తాడు. ఆవిడ మళ్లీ వెనక్కి చూసింది.

"ఎవడ్రా వాడు, నా ప్రాణానికి?" బాబాయి జేబురుమాలు తడిసిపోయింది. అనుకున్న మొత్తం దాటిపోయింది. "పోనీ, బీరువా ఖాళీ చేసి అమ్మేద్దాం. ఇది పోతే మళ్లీ దొరకదు." ఎత్తిన చెయ్యి దించడం లేదు. ఉండబట్టలేక వెనక్కి తిరిగాను.

తలుపు చెక్క ఆసరాగా లేచి నిలబడి, పలక నెత్తిమీదికెత్తి పట్టుకుని ఉన్నారు తాతగారు.

"బాబాయ్, చెయ్యి దించు."

"చచ్చినా దించను."

"పాడుతోంది తాతగారు."

బాబాయి నియమం తప్పి వెనక్కి చూశాడు. పలక ఒళ్లో పడింది.

"ముందు వరుసలో అయ్యగారు ఇంకా పాడతారా?" అని ఆవిడ అడిగింది.

"పాడను తల్లీ. తొందరగా సుత్తి కొట్టు, మధ్యలో ఇంకెవడైనా దూరగలడు."

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. వాచీ తాతగారిది.

తాతగారు దాన్ని తెచ్చి, బాబాయి బోడి మణికట్టు పట్టుకుని కట్టేశారు. "ఇది నా వాచీయే అల్లుడుగారూ, బొత్తాం చూసి పోల్చుకున్నాను. మీ బీరువాలోవన్నీ దాచుకోవడానికి. ఇది పెట్టుకోవడానికి. ఇక ఎవర్నీ టైమడగక్కర్లేదు. డబ్బు నాదే, మీరు అడ్డు చెప్పొద్దు. ముందు వరుసలో ఎవడో మూర్ఖుడు ఓ పట్టాన వదల్లేదు. అంత దూరం చూపు ఆనక బతికిపోయాడు గానీ, నాలుగు చివాట్లు పెడుదును."

"అవునండీ, మహా మూర్ఖుడు" అన్నాడు బాబాయి.

దారంతా ఆయన చేతికున్న వాచీకేసి దిగులుగా చూసుకుంటూనే ఉన్నాడు. వాచీ దొరికింది, పైగా చేతికొచ్చింది, ఈ మనిషికేమైందని ఇంటికెళ్లాక పిన్నిని అడిగాను. పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇంటికి పంపేసిన రోజు నాన్న అన్నారు, ఇక నన్ను టైమడిగేవాళ్లు ఎవరున్నారమ్మా అని. మర్నాడే మీ బాబాయి చేతి వాచీ తీసి బీరువాలో పెట్టేశారు. ఒక్క నాన్ననే అడిగితే అనుమానం వస్తుందని ఊరందర్నీ అడుగుతారు. ఇప్పుడు ఏం చేస్తారో చూడు."

మర్నాడు పొద్దున చూశాను. బాబాయి చేతికి వాచీతో గదిలోంచి వచ్చి, తాతగారి ముందు నిలబడ్డాడు.

"మావయ్యగారూ, టైమెంతయింది?"

"చేతికుందిగా అల్లుడుగారూ?"

"ఉందండీ. కీ ఇవ్వడం మర్చిపోయాను."

"ఇదేం మతిమరుపండీ?" అని విసుక్కుంటూ తాతగారు హుషారుగా లేచారు. గోడ గడియారం చూసి సెకన్లతో సహా చెప్పి, ఆ చెయ్యి అందుకుని తనే కీ ఇచ్చారు. మరుసటి రోజు వాచీ నడుస్తోంది గానీ బాబాయి కళ్లజోడు కనపడలేదట.

ఇవాళ మళ్లీ ఫోన్ చేశాడు. "ఒరేయ్, రేపటికి మంచి సాకు ఒకటి ఆలోచించి పెట్టరా. అన్నట్టు, టైమెంత?"