వాగొడ్డువారు

పాపమ్మకు కూర్చోవడం అలవాటు లేదు. చిన్నప్పుడు పిటాన్ ఊరి చెరకు తోటలో కలుపు తీయడానికి వంచిన నడుము మొగుడు పోయాక కూడా నిటారు కాలేదు. కొడుకు రామలుకి తాంబూలాలు పుచ్చుకోవడానికి బాన్ అక్యూయ్ ఊరు వెళ్లినప్పుడు, వియ్యాలవారు వేసిన కుర్చీ అంచునే ఒదిగింది.

ఆ చెరకు దీవిలోని తెలుగువాళ్లకు కాగితాల మీద ఇంటిపేర్లు లేవు. ఓడ దిగిన కూలీలను నమోదు చేసిన దొరలు తండ్రి పేరే బిడ్డకు తగిలించారు. దాంతో అన్న పిల్లలది ఒక పేరు, తమ్ముడి పిల్లలది ఇంకో పేరు అయింది. అందరూ ఒకే ఇంటివారని చెప్పేది నోటిమాటగా మిగిలిన పాత పేరొక్కటే. గట్టువారు, దిబ్బవారు, కోనవారు. పాపమ్మ అత్తవారు వాగొడ్డువారు. ఆ వాగును చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

ఆ పేరు కలిసిందనే కూతురు రత్నమ్మకు వచ్చిన మంచి సంబంధాన్ని పాపమ్మ తిప్పి పంపింది. "అన్నాచెల్లెళ్ల వరస, చేస్తే పాపం" అంది. మళ్లీ ఎవరూ గడప తొక్కలేదు. రత్నమ్మ ఫీనిక్స్ పట్నంలో ఒకరింట బట్టలుతుకుతూ ఉండిపోయింది.

ఈసారి పాపమ్మ వియ్యాలవారి పాత పేరు అడగలేదు. ఓపిక లేక అనుకుంది. నిజానికి భయం.

పంతులు రామానుజం సంకల్పానికి ఇంటిపేర్లు అడిగాడు. పిల్ల తండ్రి నరసింహులు నవ్వాడు.

"కాగితంలో రంగయ్యలం. అసలు మాది వాగొడ్డు. కప్పల జాతి, అయ్యగారూ!"

"మరి మీదేంటమ్మా?"

పాపమ్మ కుర్చీ అంచుకి ఇంకా జరిగింది. చెబితే ఈ పెళ్లీ పోతుంది. దాస్తే, ఆనాడు కూతురి నుంచి లాక్కున్నది ఎందుకోసం? ఆ కూతురే వియ్యాలవారికి సాయంగా టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"అయో, అమ్మ ఫాతిగే. బాగా అలిసిపోయింది" అంది రత్నమ్మ. "మాది పిటాన్, అయ్యగారూ."

"అది ఊరు పేరు కదా!"

"పిటాన్ అంటే కొండే కదా, ఆ కొండ కిందే పుట్టాం. కొండవాళ్లం. మీ వాగుని ఎవరు చూశారు గనుక?"

"బాగుంది! కొండకీ వాగుకీ పెళ్లి!" అన్నాడు నరసింహులు. అందరూ నవ్వారు. పంతులు మంత్రం అందుకున్నాడు.

రత్నమ్మ వరసగా టీ అందిస్తూ వచ్చింది. పాపమ్మ తలెత్తలేకపోయింది.

"తాగమ్మా, చల్లారిపోతుంది" అని, గ్లాసు తల్లి చేతిలో పెట్టి, రత్నమ్మ పక్కవాళ్ల దగ్గరికి వెళ్లింది.