నాయన వాళ్ల జేజికి రెండు పేర్లు

మొన్న మనవరాలు ఫోన్ చేసింది. ఏదో యాప్‌లో వంశవృక్షం వేస్తోందట, మా నాయన వాళ్ల జేజి, అంటే ఆయన నాయనమ్మ, పేరేంటని అడిగింది. అప్పటిదాకా పెద్దవాళ్ల పేర్లు గబగబా చెప్పుకుంటూ వచ్చినదాన్ని అక్కడ ఆగిపోయాను. ఆమెకు రెండు పేర్లుండేవి మరి, ఫోనులో గడేమో ఒకటే.

తెల్ల దొరసానుల కాలంలో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన ఆమెను మేమంతా శాంతమ్మ అనే ఎరుగుదుం. ఏ ఊరి పిల్లో, ఎవరి బిడ్డో చెప్పకుండానే పోయింది. నేను ప్రొద్దుటూరులో కొత్తగా పంతులమ్మనైన ఏడు, కళ్లు మసకబారుతున్న మా నాయన, చూపుండగానే ఆమె పుట్టిన ఇల్లు చూడాలని పట్టుబట్టాడు. ఆయన మొండితనం సంగతి ఎందుకడుగుతారు లెండి! పాస్టరుగారిని బతిమాలి చర్చి పాత రిజిస్టరు తీయించాడు. కరువునాడు మిషను వాకిట దొరికిన పిల్ల అనీ, సుంకులమ్మ అన్న పేరు మార్చి బాప్తిస్మంలో శాంతమ్మ అని పెట్టినట్టూ అందులో ఉంది. తొండూరు పక్క ఒక పల్లె పేరు కూడా ఉంది.

ఆ ఆదివారం ఆరాధన కూడా మానుకొని బస్సెక్కాం. పార్టీల పేరు చెప్పుకొని ఊళ్లకు ఊళ్లు రెండుగా చీలి నరుక్కుంటున్న రోజులవి. మేమేమో ఇంటింటికీ పోయి, మీ తాత పేరేంటి, మీ మగవాళ్లు ఎందరు, ఎక్కడుంటారు అని అడుగుతూ పోయాం. ఎదుటి పార్టీ ఆరా తీయడానికి పంపేవాళ్లు అడిగేదీ అదేనని మా బుర్రలకు తట్టనే లేదు. తలుపులు ఒకటొకటే మూసుకున్నాయి. నలుగురు మగవాళ్లు చుట్టుముట్టి, "ఎవురు పంపించినారు మిమ్మల్ని? యాడ నుంచి వస్తాండారు?" అంటూ నాయన సంచి గుంజుకొని విదిలించారు. బైబిలు, కళ్లద్దాలు, సద్దిమూట కిందపడ్డాయి. నేను వంగి అవన్నీ ఏరసాగాను. నాయన మాత్రం చేతులు జోడించి, సుంకులమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చామని చెప్పాడు.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలామె లేచి నిలబడింది. "సుంకులమ్మను నేనే. నాతో ఏం పనప్పా నీకు?" అంది.

నాయన కథంతా చెప్పాడు. ఆమె వింటూ వింటూ అక్కడే కూలబడి ఏడ్చింది. కరువులో తప్పిపోయిన ఆ ఇంటి ఆడపిల్ల చచ్చిపోయిందనుకొని, పేరైనా ఇంట్లో నిలవాలని తరానికొక పిల్లకు ఆ పేరు పెట్టుకుంటూ వచ్చారట.

"బతికిందా? కడుపునిండా తినిందా?" అని అడిగింది.

"తినింది తల్లీ, పదిమందికి పెట్టింది గూడా," అంటూ నాయన ఆమె చేతులు పట్టుకున్నాడు.

సంచి గుంజుకున్నవాళ్లే మమ్మల్ని బస్సు దాకా దిగబెట్టి వెళ్లారు. కొన్నాళ్లకే ఆ పల్లెలో గొడవలై ఆ ఇంటివాళ్లు ఊరొదిలిపోయారు, ఎక్కడికో తెలియలేదు. నాయన చూపు పూర్తిగా పోయాక కూడా ఆ ముసలామె మొహం మాత్రం కనబడుతోందనేవాడు.

ఇప్పుడు ఫోను తాతల పేర్లన్నీ అడుగుతుంటే అందరూ నవ్వుతూ చెప్పేస్తున్నారు, ఎవరికీ భయం లేదు. సంతోషమే. కానీ సుంకులమ్మా అని పిలిస్తే పలికే వాకిలి లేకుండా పోయింది. శాంతమ్మ పేరు జమ్మలమడుగులో సమాధి రాతి మీద ఎలాగూ ఉంది, అందుకే ఆ ఒక్క గడిలో సుంకులమ్మ అని రాయమన్నాను. ఆమె కడుపున పుట్టినవాళ్లం ఇంతమందిమి ఉండి, ఒక్క పిల్లకైనా ఆ పేరు పెట్టుకోలేదు మేము.