మావయ్య బట్టల కొట్లో ఇండీ రాక్

ఆ వయసులో నాకు మనుషులు రెండు రకాలుగానే కనిపించేవారు: ఇండీ రాక్ వినేవాళ్ళు, ఇంకా వినని దురదృష్టవంతులు. మొదటి రకానికి బొబ్బిలి మొత్తం మీద నేనొక్కదాన్నే ప్రతినిధిని. ఎచ్చెర్లలో పీజీ చదువుతుండగా హాస్టల్లో నా గది పంచుకున్న అమ్మాయి ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో దూర్చి ఈ జబ్బు అంటించింది. పెద్ద కంపెనీల దయ కోసం చూడకుండా, నలుగురు స్నేహితులు మేడ మీద గదిలోనో కారు షెడ్డులోనో చేరి, తమకు తోచినట్టు గిటార్లు మోగించి, తామే రికార్డు చేసుకుని లోకం మీదికి వదిలే పాటలవి. (ఆ అమ్మాయి తర్వాత మామూలు పాటలకి మారిపోయింది. ఆమెతో నేను చాలాకాలం మాట్లాడలేదు.) ఇక కొత్త పాప్ పాటలంటారా, వాటి పేరు చెబితేనే నాకు ఒళ్ళు మండేది. పాట మొదలవ్వగానే చెవి పట్టుకుని లాగే ముక్క ఒకటి, దాన్నే తిప్పి తిప్పి వాయించడం, ఆపైన గాయకుడి గొంతుని యంత్రంలో వేసి ఎక్కడా మనిషన్న జాడ లేకుండా నున్నగా చెయ్యడం. ఈ మాటలు ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని.

చదువు పూర్తయి ఉద్యోగం ఇంకా రాని ఆ ఖాళీలో, పెళ్ళిళ్ళ సీజను కదా సాయం చెయ్యమని మా మేనమామ తన బట్టల కొట్టుకి పిలిచాడు. ఎదురుగా కొత్తగా తెరిచిన కొట్టువాళ్ళు మనిషెత్తు స్పీకర్లు రోడ్డు మీదికి తిప్పి, పొద్దున్నించీ పాప్ పాటలు అదరగొడుతున్నారు. మావయ్యకి పౌరుషం వచ్చింది. "ఒలే, నువ్వు పాటల పిచ్చిదానివి గదా. మన స్పీకరు బాక్సు సంగతి నువ్వు సూడు" అన్నాడు. ఏ పాటలో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

మొదటిరోజు నాకు ప్రాణమైన పాటతో మొదలుపెట్టాను. ఒక గిటారు, ఒక అలిసిపోయిన గొంతు, మధ్య మధ్య చాలా నిశ్శబ్దం. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న ఒకావిడ ఆ పాట విని ఆగిపోయింది. లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి, "ఎవులు పోయారమ్మా?" అని అడిగింది.

గల్లా దగ్గర కూర్చున్న మావయ్య నన్ను పిలిచాడు. "ఏటే ఇది? పెల్లి బట్టలకొచ్చినోలు పరామర్శ సేసి ఎల్లిపోతన్నారు."

"అది ఏడుపు కాదు మావా, నిజాయితీ."

"ఆ నిజాయితీ ఏదో ఇంటికాడ ఇనుకో. ఇక్కడ మంచి ఊపున్నది ఎయ్యి."

"ఎయ్యను. అవి ఎయ్యాలంటే ఇంకో మనిషిని పెట్టుకో" అన్నాను. అలా ఎదురుచెప్పినందుకు భయం వేసింది గానీ, గర్వంగానూ ఉంది. ఆయన ఏమనేవాడో తెలీదు, ఈలోగా జనం రావడం మొదలైంది. ఒక కుటుంబం వెనక ఇంకో కుటుంబం, తెల్లపరుపుల మీద కూర్చోడానికి చోటు లేదు. నా ఆనందానికి హద్దు లేదు. బొబ్బిలికి ఇన్నాళ్ళకి అభిరుచి పుట్టిందనుకుని, "చూసేవా మావా, మంచి సంగీతం ఎవరికైనా పడుతుంది" అన్నాను.

మావయ్య నావైపు జాలిగా చూశాడు. "ఎదురుకొట్టు కాడ ఆ మోతకి బేరం ఆడుకోడానికి అవ్వట్లేదంట. ఇక్కడైతే ఒకల మాట ఒకలకి ఇనబడతాది. నీ పాటలు మంచివేనే అమ్మా. ఇనబడవు."

బాగులేవన్నా ఊరుకునేదాన్ని. వినబడవనడం మాత్రం భరించలేకపోయాను. అప్పుడు మోగుతున్న పాటలో సరిగ్గా డ్రమ్స్ విరుచుకుపడే చోట బాక్సు సౌండు మీటని చివరికంటా తిప్పేశాను. చీర విప్పి చూపిస్తున్న గుమస్తా ఉలిక్కిపడి వెనకున్న చీరల దొంతర మీద పడ్డాడు. చంటిపిల్ల ఒకతి ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. "ఆపే" అని మావయ్య అరుస్తున్నా ఆపలేదు సరికదా, పై అరలు అందుకోడానికి పెట్టిన స్టూలెక్కి, "మీరంతా ఒక్క నిమిషం వినండి" అని ఉపన్యాసం అందుకున్నాను. "పాప్ పాటలో గొంతుకి ఇస్త్రీ చేసేస్తారు. ఈ గొంతు చూడండి, ముడతలున్నాయి. ముడతలుంటేనే అది మనిషి గొంతు, ముడతలే అందం."

"బట్టల కొట్లో నిలబడి ముడతలు అందమంటావేటే" అన్నాడు మావయ్య నెత్తిమీద చెయ్యి పెట్టుకుని. కొట్టంతా గొల్లున నవ్వింది. మా అత్త వచ్చి బాక్సు వైరు పీకేసింది.

నేను స్టూలు దిగి నిలువుటద్దం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను, ఏడుపు కనబడకుండా. అక్కడికొచ్చింది ఒక పెళ్ళికూతురు. పొద్దున్నించీ వాళ్ళ నాయనమ్మ, మేనత్తలు ఆ పిల్ల భుజమ్మీద చీర మీద చీర వేసి, వాళ్ళలో వాళ్ళే బాగుందనీ లేదనీ తేల్చుకుంటున్నారు. ఆమెని ఎవరూ అడగలేదు.

"అక్కా, ఆ పాట ఇంకొకపాలి ఎయ్యవా?"

"నచ్చిందా?" అన్నాను ఆత్రంగా.

ఆమె ఆలోచించింది. "బాగులేదు. గానీ మల్లీ ఇనాలనిపిస్తంది."

ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఇండీ రాక్ గురించి ఇంత సరైన మాట నా నోటినుంచి ఎన్నడూ రాలేదు. నా ఫోనూ ఇయర్‌ఫోన్లూ ఆమె చేతిలో పెట్టాను. రెండు చెవులకీ పెట్టుకుని వెళ్ళి పరుపు మీద కూర్చుంది. మేనత్తలు ఎర్రచీర అంటున్నారు, నాయనమ్మ పసుపుచీర అంటోంది. ఆమె అవేమీ వినకుండా, అసలెవరూ దింపమనని ముదురు నీలం చీర ఒకటి గుమస్తాకి వేలెత్తి చూపించింది.

"పెల్లికి నీలమేటే గుంటా?" అంది నాయనమ్మ.

వినబడలేదు. నాయనమ్మ మళ్ళీ అంది. ఈసారీ వినబడలేదు. వినబడని మనిషితో ఎంతసేపని వాదిస్తారు? నీలంచీరే పొట్లం కట్టించుకుని వెళ్ళారు. వెళ్తూ ఆ పిల్ల ఫోనూ ఇయర్‌ఫోన్లూ నా చేతిలో పెట్టి నవ్వింది. పాట నిజంగా విందో, వినబడకపోవడమే ఆమెకి కావలసిందో నాకు ఇప్పటికీ తెలీదు.

బాక్సు బాధ్యత నాకు మళ్ళీ రాలేదు. సీజనంతా ఊపున్న పాటల మోతలో చీరలు మడతపెట్టాను. ఇప్పుడు విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా ఆఫీసులో కుర్రవాళ్ళు పాప్ పెడితే ముఖం మాడ్చుకునే కూర్చుంటాను. ఒక్కోసారి బల్ల కింద కాలు దానంతటదే తాళం వేస్తుంది. అది కాలి తప్పు, నా అభిప్రాయం కాదు. ఆ స్టూలు మీద నిలబడ్డ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది; సగం తెలిసీ సగం తెలియకా ఎంత ధీమాగా మాట్లాడిందో. ఇప్పుడు నాకు అంతకంటే చాలా తెలుసు. స్టూలెక్కే ధైర్యమే లేదు.