ఒక్కనాడే పోసిన మూడు నీళ్లు

రేణిగుంటలో రైలు కట్ట మీద కంకర మోసే ఆడవాళ్లు పొద్దున్నే తమ బిడ్డలను మా ఇంట్లో దించి పోయేవారు. యుద్ధం రోజులు. రైలుబండ్లు ఎక్కువ, కట్ట మీద పనీ ఎక్కువే. పొద్దుగూకేదాకా ఆ బిడ్డల ముక్కులు తుడవడం, సంగటి తినిపించడం, ఊయల ఊపడం నా పని. అప్పుడు నాకు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారైనా నిలవాలని ఒంటి మీద ఈగ వాలినా భయపడేదాన్ని.

ఆ వేసవిలో ఊళ్లో అమ్మవారు పోసింది. మశూచి అనకూడదు, రోగం అనకూడదు; తల్లి వచ్చింది అనాలి. పొక్కులు ఎండాక, రోజులు విడిచి విడిచి మూడుసార్లు బిడ్డ తల మీద వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోస్తారు. మూడో నీళ్లు పోసేసరికి పక్కులన్నీ రాలిపోవాలి. అప్పటిదాకా ఆ బిడ్డ ఇంకో గడప తొక్కకూడదు. అందుకే నేను ప్రతి బిడ్డనూ వాకిట్లోనే నిలబెట్టి, చొక్కా ఎత్తి, ఒళ్లంతా చూసేదాన్ని. "ఏం మే, సంతలో దూడను సూసినట్టు సూస్తావే!" అని ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోనీ. కడుపు నాది.

తల్లి పోసిందని కొన్నాళ్లుగా రాని ఒక పిల్లవాణ్ణి, వాళ్లమ్మ ఒకరోజు చంకనేసుకుని వచ్చింది. వాడి తలకు గుడ్డ చుట్టింది. విప్పమన్నాను. చెవుల వెనక, మెడ మీద పక్కులు అట్లే ఉన్నాయి.

"మూడు నీళ్లు కాలేదు గదా మే?"

"అయినాయి అక్కా. నిన్న ఒక్కనాడే పోసేసినా. పొద్దున ఒకటి, మద్దేన్నం ఒకటి, పొద్దుగూకినాక ఒకటి. ఈపొద్దు పనికి రాకుంటే ఇంకోదాన్ని పెట్టుకుంటానని మేస్త్రీ అన్నాడు."

నా ఒళ్లు మండింది. "పక్కులు రాలేదానికి గదా నీళ్లు పోసేది! ఎత్తుకోని పో."

మా అత్త లోపలి నుంచి వచ్చింది. "మూడు నీళ్లు పోసి సాగనంపినాక తల్లి ఈడ యాడుండాది? వాకిట్లోకొచ్చిన బిడ్డను తరిమితే ఆ యమ్మ నీ కడుపే తింటాది, సూసుకో. ఎత్తుకోవే వాణ్ణి."

"నువ్వే ఎత్తుకో అత్తా. నీ కడుపులో ఎవురూ లేరు గదా."

అందరి ముందర చెంప పగలగొట్టింది. ఆ పిల్లవాణ్ణి తెచ్చి నా ఒళ్లో పడేసింది. వాడేం చేస్తాడు పాపం, నా మెడ కరుచుకుని నిద్రపోయాడు. సాయంత్రం నా చీర మీద రాలిన పక్కులు దులిపి, చర్మం ఊడేలా బూడిదతో చేతులు తోముకున్నాను.

రెండు వారాలు కాకముందే నాకు జ్వరం వచ్చింది. ముఖం నిండా పోసింది. మా వాకిట్లో వేపమండ చూసి మిగతా తల్లులెవరూ బిడ్డలను తేలేదు. ఆ జ్వరంలోనే నొప్పులొచ్చాయి. తల్లి ఉన్న ఇంటికి మంత్రసాని రానంది. మగబిడ్డ, ప్రాణం లేకుండా పుట్టాడు. మా అత్త వాణ్ణి పాతగుడ్డలో చుడుతూ, "నోరు పారేసుకుంటివి గదా, ఆ యమ్మ వినింది" అంది. నేను ఏడవబోతే నోరు మూసింది. తల్లి ఇంట్లో ఉండగా ఏడవకూడదట. నాకు మాత్రం మూడు నీళ్లూ రోజులు విడిచి విడిచి, ఎంతో నిష్ఠగా పోసింది మా అత్త, మహాతల్లి!

నేను లేచి తిరుగుతున్నానని తెలిసి ఆ పిల్లవాడి తల్లి మళ్లీ వచ్చింది. నా ముఖం మీది మచ్చలు చూసి కాసేపు తల వంచుకుంది. తర్వాత కొడుకును నా ఒళ్లో దించింది.

"ఇంక నీకేం బయం అక్కా? తల్లి వచ్చి పోయె. కడుపూ లేకపాయె. నీకంటే బాగా సూసేవాళ్లు నాకు యాడ దొరుకుతారు?"

పనికి పొద్దుపోతుందని పరుగెత్తింది. ఆమె వెనకాలే చూస్తూ వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకు నా రవిక తడిసిపోయింది. పాడు పాలు, ఎవరి కోసం వచ్చాయో!